లెబానోను దేవదారు, దాని పక్కన ఒక చిన్న మొక్క

మా నాయనమ్మ రాత్రి ప్రార్థనలో కీర్తనలు చదువుతూ లెబానోను దేవదారు దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త పెంచేది. ఆ చెట్టు ఎట్లా ఉంటుంది నాయనమ్మా అని అడిగితే, మా ఊరి గుడి ప్రహరీ వెంట బారులు తీరి నిలబడ్డ అశోక చెట్ల వైపు చెయ్యి చూపేది. సన్నగా, నిటారుగా, ఆకులు కిందికి వాల్చుకుని ఉండే ఆ చెట్లే సొలొమోను మందిరానికి దూలాలైనాయని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకంలో మేమిద్దరమే లేము. బెంగాలులో ఇవాళ్టికీ ఆ చెట్టునే దేబ్‌దారు అంటారు.

అసలు దేవదారును నేను చూసింది సిమ్లాలో. అది కూడా లెబానోను చెట్టు కాదు, దాని తోబుట్టువు. హిమాలయాల్లో పెరిగేది సెడ్రస్ దేవదార, లెబానోను కొండల మీదిది సెడ్రస్ లిబాని. రెండూ ఒకే ప్రజాతి. కాబట్టి హీబ్రూలో ఎరెజ్ అన్న చోట మన బైబిలు అనువాదకులు దేవదారు అని పెట్టడం ఎంత సరైన పనో అక్కడ నిలబడ్డప్పుడు తెలిసింది. దేవ, దారు. దేవతల కర్ర అని అర్థం. లెబనాన్ వాళ్లు తమ కొండల మీద మిగిలిన పాత తోపును అర్జ్ ఎర్ రబ్ అంటారు, అంటే దేవుని దేవదారులు. ఒకరి మాట ఒకరు వినకుండానే రెండు జాతులు ఒకే కుటుంబపు చెట్లకు దేవుడి పేరు పెట్టుకున్నాయి.

సిమ్లాలో కింద రాలిన కాయ భాగం ఒకటి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. చూస్తే చెక్కతో చేసిన గులాబీలా ఉంటుంది. పైన్ కాయలాగా దేవదారు కాయ మొత్తంగా ఊడి పడదు. గుడ్డు ఆకారంలో కొమ్మ మీద నిలువుగా కూర్చుని, పండిన తరవాత చెట్టు మీదే పొర పొరగా విడిపోతుంది. రేకులు, వాటి చాటునున్న రెక్కల గింజలు గాలికి పోతాయి, నడిమి ఈనె కొమ్మ మీదే మిగులుతుంది. గులాబీలా కనిపించేది కాయ కొన భాగం. లెబానోను చెట్టుదీ ఇదే పద్ధతి. నాటిన తరవాత తొలి కాయ కాయడానికి దానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. పడుచు వయసులో గోపురంలా కొనదేరి ఉంటుంది, ముసలితనంలో తల చదునై, కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా పరుచుకుంటాయి.

కాళిదాసుకూ ఈ చెట్టంటే ప్రాణం. రఘువంశం రెండో సర్గలో దిలీపుడు మేపుతున్న ఆవు మీదికి దూకిన సింహం కాపలా కాస్తున్నది ఒక దేవదారునే. శివుడు ఆ చెట్టును కొడుకుగా చేసుకున్నాడు. అడవి ఏనుగు ఒకటి ఒళ్లు గోక్కోవడానికి రాపాడి దాని బెరడు ఊడగొడితే పార్వతి కన్నబిడ్డకు గాయమైనట్టు కుమిలిపోయింది. అప్పటినుంచి సింహం కాపలా.

బైబిల్లో దేవదారుకు అలాంటి ముద్దు మురిపెం ఉంది, దాంతోపాటు గట్టి అనుమానమూ ఉంది. 92వ కీర్తన నీతిమంతుణ్ణి ఈ చెట్టుతో పోలుస్తుంది. యెషయా రెండో అధ్యాయంలో గర్విష్ఠుడికీ ఇదే పోలిక. 104వ కీర్తనలో ఈ చెట్లు దేవుడు స్వయంగా నాటినవి, 29వ కీర్తనలో దేవుడి స్వరం ఇవే చెట్లను విరిచేస్తుంది. ఒకే చెట్టుకు ఈ రెండు ముఖాలేమిటని చిన్నప్పుడు తికమకపడేవాణ్ణి. దేవదారు ప్రస్తావన ఉన్న చోట్లన్నీ ఒకసారి వరసగా చదివితే నాకొకటి పట్టుబడింది. ముఖ్యమైన ఘట్టాల్లో దేవదారు ఒంటరిగా ఉండదు. దాని పక్కన ఏదో ఒక చిన్న మొక్క ఉంటుంది.

కుష్ఠు నయమైనవాడికి

లేవీయకాండం 14వ అధ్యాయం. కుష్ఠు నుంచి బాగుపడిన మనిషిని పాళెంలోకి తిరిగి చేర్చుకునే రోజున యాజకుడు పట్టే వస్తువుల్లో దేవదారు కర్ర, ఎర్ర నూలు, హిస్సోపు అనే చిన్న మొక్క ఉంటాయి. సంఖ్యాకాండం 19లో ఎర్రని పెయ్యను దహించే మంటలోనూ ఇవి మూడూ పడతాయి. సీనాయి ఎడారిలో లెబానోను కర్ర ఎక్కడ దొరికింది అంటే, అక్కడ పెరిగే జూనిపర్‌నే ఆ మాటతో పిలిచి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. పెద్ద చెట్టునూ చిన్న మొక్కనూ కలిపి కట్టడమెందుకు? పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ ప్రకారం ఆ రోగం గర్వానికి వచ్చిన దండన. దేవదారంత ఎత్తున నిలుచున్నవాడు హిస్సోపంత వంగాలి. రోగం గురించి ఆయన చెప్పినదాన్ని నేను ఒప్పుకోలేను. కానీ ఊరి బయట ఉండి వచ్చిన మనిషిని లోపలికి పిలుచుకునే వేళ అడవిలో అతి పెద్ద చెట్టూ గోడ సందున మొలిచే మొక్కా రెండూ సాక్ష్యంగా ఉండడం నాకెంతో ఇష్టం.

గోడ సందు అన్నది నా మాట కాదు. సొలొమోను జ్ఞానం ఎంత విశాలమో చెప్పడానికి రాజుల మొదటి గ్రంథం ఎంచుకున్న కొలబద్ద అదే. లెబానోను దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు దాకా అన్ని చెట్ల గురించీ అతడు మాట్లాడాడట.

తెప్పల మీద వచ్చిన మందిరం

ఎడారిలో మోషే చేయించిన మందసం తుమ్మకర్రది. అక్కడ దొరికింది అదే. తరవాత దావీదు యెరూషలేములో దేవదారు ఇంట్లో కాపురం పెట్టి, తాను ఇంత మంచి ఇంట్లో ఉండగా దేవుని మందసం డేరాలో ఉందే అని నొచ్చుకుంటాడు. అతడి కొడుకు సొలొమోను ఆ లోటు తీర్చాడు. ఆ తీర్చడానికి అయిన ఖర్చు మాత్రం ఆగి చదవాలి.

కర్ర తూరు రాజు హీరాముది. అతడి మనుషులు కొండ మీద చెట్లు కొట్టి సముద్రానికి దించుతారు. మాన్లను తెప్పలుగా కట్టి తీరం వెంట యొప్పే రేవుకు తోలుతారు. అక్కడ తెప్పలు విప్పి యెరూషలేము కొండ ఎక్కించడం సొలొమోను వంతు. బదులుగా ఏడాదికి 20,000 కోరుల గోధుమలు, దంచి తీసిన ఒలీవ నూనె. కోరు అప్పటి పెద్ద కొలత. తూరు వాళ్లకు రేవులున్నాయి, ఓడలున్నాయి, పొలాలు తక్కువ. ఇక్కడ పొలాలున్నాయి, దూలానికి పనికొచ్చే మాను లేదు. కొండకూ మాగాణికీ జరిగిన వస్తుమార్పిడి అది.

వెట్టికి పట్టిన మనుషులు 30,000 మంది. నెలకు 10,000 మంది చొప్పున లెబానోనుకు పోవాలి, ఒక నెల అక్కడ, రెండు నెలలు ఇంటి దగ్గర. బరువులు మోసేవాళ్లు 70,000, కొండల్లో రాళ్లు కొట్టేవాళ్లు 80,000. మందిరం లోపలికి అడుగుపెడితే రాయన్నది కంటికి కనపడకుండా దేవదారు పలకలు పరిచారు, వాటి మీద గుబ్బలు, విచ్చిన పూలు చెక్కారు.

మందిరానికి పట్టింది 7 ఏళ్లు, సొలొమోను తన నగరుకు తీసుకున్నది 13 ఏళ్లు. మందిరం 60 మూరల పొడవు, 20 మూరల వెడల్పు. నగరులో ఒక్క భవనమే 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, ఎత్తు మాత్రం రెండింటికీ 30 మూరలే. దేవదారు స్తంభాలు ఎన్ని నిలబెట్టారో గాని దానికి లెబానోను అరణ్యపు నగరు అనే పేరు పడింది. గ్రంథకర్త ఈ కొలతలను పక్కపక్కన రాసి, ఒక్క వ్యాఖ్య కూడా చేయకుండా ముందుకు సాగిపోయాడు.

హీరాముకు చివరికి గలిలయలో 20 పట్టణాలు ముట్టాయి. వచ్చి చూసుకున్నాడు, నచ్చలేదు. వెట్టి పనికి అధికారి అయిన అదోనీరాము సంగతి ఇంకా ఘోరం. సొలొమోను పోయాక జనం భారం తగ్గించమని అడిగితే కొడుకు రెహబాము వినలేదు. పైగా ఈ అధికారినే వాళ్ల దగ్గరికి పంపాడు. జనం రాళ్లతో కొట్టి చంపారు. రాజ్యం రెండు ముక్కలైంది. మందిరం దూలాల్ని తలుచుకున్నప్పుడల్లా నాకు నెలకోసారి బయల్దేరిన ఆ పదివేల మంది పాదాలు గుర్తొస్తాయి.

యెరూషలేములో దేవదారు మేడిచెట్టంత మామూలైపోయిందని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. మేడి పేదవాడి చెట్టు, కప్పుకు పనికొచ్చే చవక కర్ర. ఆ తరవాత ఎప్పుడో ఉత్తర రాజ్యంలో దెబ్బతిన్న జనం మేడికర్ర విరిగితే ఏం, దాని బదులు దేవదారు వేసుకుంటాం అని బీరాలు పోతే యెషయా మండిపడ్డాడు. అమోరీయులు దేవదారంత ఎత్తున్నా నేలమట్టమయ్యారని చెప్పిన ఆమోసు, పొట్టకూటికి మేడిపండ్ల పని చేసుకునేవాడు.

యిర్మీయా అడిగిన ప్రశ్న

దేవదారు గురించి బైబిల్లో నన్ను ఎక్కువగా కదిలించే చోటు యిర్మీయా 22వ అధ్యాయం. రాజు యెహోయాకీము పెద్ద పెద్ద కిటికీలతో, దేవదారు పలకలతో, ఎర్రరంగు పూతతో మేడ కట్టించుకుంటున్నాడు. పనివాళ్లకు కూలి ఇవ్వడం లేదు. యిర్మీయా అతడి మొహం మీదే అడుగుతాడు: దేవదారులో పోటీకి దిగితే రాజరికం వస్తుందా? మీ నాన్న యోషీయా కూడా తిన్నాడు, తాగాడు, కానీ దీనుడికి న్యాయం చేశాడు, అతడికి మేలు జరిగింది. నీకు మాత్రం గాడిదను పాతిపెట్టినట్టు ఊరి గుమ్మం బయటికి ఈడ్చి పారేయడమే గతి. ప్రవక్తకు కోపం కర్ర మీద కాదు, ఎగ్గొట్టిన కూలి మీద.

చెట్లు మాట్లాడుకున్న కథలు

యోతాము చెప్పిన కథ మనకు తెలిసిందే. డెబ్బై మంది అన్నదమ్ముల్ని చంపి అబీమెలెకు రాజైతే, ప్రాణాలతో తప్పించుకున్న చిన్నవాడు గెరిజీము కొండెక్కి ఊరికి వినపడేలా చెప్పాడు. చెట్లన్నీ రాజు కావాలని బయల్దేరాయి. ఒలీవ, అంజూరం, ద్రాక్ష ఒప్పుకోలేదు, మా పని మాకుంది పొమ్మన్నాయి. ముళ్లపొద ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, నన్ను నమ్మకపోతే నాలోంచి మంట లేచి లెబానోను దేవదారుల్ని కాల్చేస్తుందని బెదిరించింది. వేసవిలో పొలం గట్ల మీద ఎండు కంప అంటుకుంటే మంట ఎంత దూరం పాకుతుందో చూసినవాళ్లకు అది ఉత్త బెదిరింపు కాదని తెలుసు.

ఇంకొకటి మరీ చిన్నది. యూదా రాజు అమజ్యా ఒక గెలుపు తలకెక్కి ఇశ్రాయేలు రాజు యెహోయాషును యుద్ధానికి పిలిచాడు. యెహోయాషు కబురు పంపాడు: లెబానోనులో ఒక ముళ్లమొక్క దేవదారుకు వియ్యం కబురంపిందట, నీ కూతుర్ని నా కొడుక్కివ్వు అని. ఇంతలో ఒక అడవి మృగం అటుగా పోతూ ఆ మొక్కను తొక్కేసిందట. అమజ్యా వినలేదు. ఓడిపోయాడు, యెరూషలేము గోడ 400 మూరల మేర కూలింది.

కొన చివుళ్లు

యెహెజ్కేలు 31లో అష్షూరు సామ్రాజ్యం ఒక దేవదారు. పక్షులన్నీ దాని కొమ్మల్లో, మృగాలన్నీ దాని నీడలో. ఎత్తు పెరిగి మనసు పొంగింది, పరాయివాళ్లు నరికేశారు, కొమ్మలు లోయల నిండా పడ్డాయి. అదే ప్రవక్త 17వ అధ్యాయం చివర వేరే దృశ్యం చూపిస్తాడు. దేవుడు దేవదారు చిటారు కొమ్మ నుంచి ఒక లేత చివురు తుంచి కొండ మీద నాటతాడు, అది పెరిగితే అన్ని జాతుల పిట్టలూ వచ్చి గూళ్లు కడతాయి.

కొత్త నిబంధన మొత్తంలో దేవదారు చెట్టు ఎక్కడా కనిపించదు. కానీ యేసు చెప్పిన ఆవగింజ ఉపమానం చివర్లో ఆకాశపక్షులు కొమ్మల్లో వచ్చి వాలడం చూస్తే యెహెజ్కేలు చిత్రమే గుర్తొస్తుందని వ్యాఖ్యాతలు చాలామంది రాశారు. వింటున్న జనానికి ఆ పిట్టలు తెలుసు, వాటి కింద ఉండాల్సిన చెట్టూ తెలుసు. ఆయన అక్కడ ఆవమొక్కను పెట్టాడు.

యూదుల తాల్ముదు బోధకులూ ఈ దారినే నడిచారు. మనిషి రెల్లులా మెత్తగా ఉండాలి, దేవదారులా బిరుసుగా ఉండకూడదు, అందుకే ధర్మశాస్త్రం రాసే కలం రెల్లుతో చేసే భాగ్యం పొందింది అంటారు. అదే తాల్ముదులో బేతార్ అనే ఊరి ఆచారం ఒకటుంది. మగపిల్లవాడు పుడితే దేవదారు మొక్క నాటేవారు, ఆడపిల్ల పుడితే ఇంకో జాతి చెట్టు. ఇద్దరికీ పెళ్లి కుదిరిన రోజున ఆ చెట్లు కొట్టి పెళ్లి పందిరి వేసేవారు.

సెడ్రస్ అన్న పేరుకు దగ్గరగా ఉందని కొందరు పొరబడుతుంటారు గాని, ఖురానులో వచ్చే సిద్రా చెట్టు దేవదారు కాదు. అది రేగు జాతి.

గొడ్డలి వెనక రాజులు

బైబిలు రాకముందే గొడ్డళ్లు లెబానోను ఎక్కాయి. ఈజిప్టు ఫరో స్నెఫ్రు 40 ఓడల కలప తెప్పించిన సంగతి పలెర్మో శిల అనే పాత ఈజిప్టు శాసనం మీద ఉంది. అతడి కొడుకు ఖుఫు పిరమిడ్ పక్కన 1954లో బయటపడ్డ పడవ 1,224 ముక్కలుగా విడదీసి పేర్చి ఉంది. అతికితే 43 మీటర్లు దాటింది. చాలా భాగం లెబానోను దేవదారే. సుమారు 4,500 ఏళ్లు నేలలో ఉన్నా చివికిపోలేదు. ఆ కర్రలోని నూనెకు పురుగు దూరం, కుళ్లు దూరం.

క్రీస్తుకు పూర్వం పదకొండో శతాబ్దం నాటి వెనామున్ కథ ఇంకా రసవత్తరం. ఆమోను దేవుడి పడవకు కర్ర కోసం ఈజిప్టు నుంచి బయల్దేరిన గుడి ఉద్యోగి దారిలో సొమ్ము పోగొట్టుకుని ఒట్టి చేతులతో బిబ్లోస్ రేవు చేరాడు. అక్కడి రాజు, డబ్బు తెస్తేనే కర్ర అన్నాడు. ఈజిప్టు నుంచి వెండి బంగారాలు, 500 చుట్టల పపైరస్ కాగితం వచ్చాకే 300 మంది మనుషులు, 300 ఎద్దులు కొండెక్కాయి. ఈ బిబ్లోసునే హీబ్రూలో గెబలు అంటారు, ఆ ఊరివాళ్లు సొలొమోను మందిరానికీ మాన్లు చెక్కారు. బైబిలు అన్న మాటకు మూలమైన గ్రీకు పదం పపైరస్‌కు సంబంధించింది, దానికి ఈ రేవు పేరుతో చుట్టరికం చెబుతారు.

యెషయా 14లో ఒక అద్భుతమైన చోటుంది. బబులోను రాజు కూలిపోతే లెబానోను దేవదారులు సంతోషిస్తాయి. నువ్వు పడిపోయినప్పటినుంచి మమ్మల్ని నరకడానికి ఎవడూ ఎక్కి రావడం లేదని అతడితోనే అంటాయి. ఇది కవి ఊహ మాత్రమే అనుకునేవాణ్ణి. లెబనాన్‌లో వాది బ్రిసా అనే చోట కొండరాతి మీద నెబుకద్నెజరు చెక్కించిన శాసనం ఉంది. కొండలు చీల్చి దారి వేసి, దేవదారులు కొట్టి బబులోనుకు తరలించానని అందులో గొప్పగా చెప్పుకున్నాడు. చెట్లు ఎవరి గురించి మాట్లాడాయో ఆ రాయి మీద పేరుతో సహా ఉంది.

రోము చక్రవర్తి హేడ్రియన్ చేసింది ఇందుకు కాస్త భిన్నం. లెబానోను కొండల మీద దాదాపు 200 చోట్ల రాళ్ల మీద అతడి శాసనాలు దొరికాయి. నాలుగు జాతుల చెట్లు చక్రవర్తివి, మిగిలినవి జనం కొట్టుకోవచ్చు అని వాటి సారం. అడవి మీద ప్రేమ కంటే ఓడల కలప మీది పట్టే అందులో ఎక్కువ. అయినా అప్పటికే ఆ చెట్లకు కాపలా అవసరమైందని ఆ రాళ్లు చెబుతున్నాయి.

ఇప్పుడు మిగిలినవి

ఈ జాతి చెట్ల పెద్ద అడవులు ఇవాళ లెబనాన్‌లో లేవు, టర్కీలోని టారస్ కొండల్లో ఉన్నాయి. లెబనాన్‌లో మిగిలినవి కొండల మీద అక్కడక్కడా తోపులు. జెండా మధ్యలో పచ్చ దేవదారు 1943 నుంచి ఉంది. బ్షర్రీ ఊరి పైన ఉన్న పాత తోపు 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఖలీల్ జిబ్రాన్ పుట్టిన ఊరది. తోపు నడుమ మారోనైటు క్రైస్తవుల చిన్న ప్రార్థనాలయం ఉంది. తోపు చుట్టూ రాతిగోడ ఉంది. మేకలు లేత మొలకల్ని కొరికేస్తున్నాయని 1876లో విక్టోరియా రాణి సొమ్ముతో కట్టించినది. ఫరోలూ బబులోను రాజులూ పెద్ద చెట్లను తీసుకుపోయారు, మేకలు మొలకల్ని మిగల్చలేదు. అడవి పోవడానికి రెండోది కూడా మొదటిదంత కారణం.

ఇప్పటి బెడద మంచు తగ్గడం. హీబ్రూలో లెబానోను అంటేనే తెలుపు, మంచు కొండ అని. తన్నూరిన్ అడవిలో 1990ల చివర్లో దేవదారు సూదులు తినేసే ఒక పురుగు విరుచుకుపడింది, శాస్త్రవేత్తలు దానికి ఆ అడవి పేరే పెట్టారు. నేల చల్లగా, తడిగా ఉన్నంతకాలం దాని పిల్లలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. మంచు పలచబడి నేల వెచ్చబడితే ఏటేటా లేచి వస్తాయి. అందుకే కొండల మీద ఇంకాస్త ఎత్తున, చలి మిగిలి ఉన్న చోట కొత్త మొక్కలు నాటుతున్నారు. జానెడు మొక్కలు అవి. వాటి తొలి కాయ చూడాలంటే 40 ఏళ్లు ఆగాలి.

హిస్సోపు సంగతి చెప్పి ఆపుతాను. బైబిలు హిస్సోపు ఏ మొక్క అన్నదానికి ఎక్కువమంది చూపించేది ఆ ప్రాంతంలో జాతర్ అని పిలిచే మొక్కను. బూడిదరంగు ఆకులు, నలిపితే మన వాముకు దగ్గరి వాసన. రాళ్ల సందుల్లో, పాత గోడల్లో మొలుస్తుంది. దాన్ని ఎండబెట్టి, నువ్వులు కలిపి, ఒలీవ నూనెలో రంగరించి రొట్టె మీద పూసి కాలుస్తారు. లెబనాన్‌లో పొద్దున్నే బడికి పోయే పిల్లల చేతుల్లో ఉండేది ఆ రొట్టే.